ఒక్క మిల్లీమీటరే... ఎంత తేడా!

పేరుకే బొమ్మ ట్యాంకు. బరువు చూస్తే 80 కిలోలు! రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మన్ టైగర్ ట్యాంకును ఆరో వంతు సైజులో తయారుచేసి, రిమోట్‌తో పెరట్లో నడిపించే సరదారాయుళ్లు విదేశాల్లో ఉన్నారు. ఎంతో ఓపిగ్గా ఒక్కో రేకూ కోసి చేసిన ఆ బొమ్మ గతుకుల్లో హుందాగా ఊగుతూ సాగుతుందా, పొట్ట నేలకి ఆనించి చతికిలబడుతుందా? అది తేల్చేది బయటికి కనిపించని సన్నటి ఉక్కు కడ్డీ. పేరు టార్షన్ బార్.

తడి దుప్పటిని ఇద్దరు కలిసి పిండటం చూసే ఉంటారు. ఒకరు కదలకుండా పట్టుకుంటే రెండోవారు మెలిపెడతారు. ఇక్కడా అంతే. కడ్డీ ఒక కొస ట్యాంకు లోపల బిగించి ఉంటుంది. రెండో కొసకి ఆర్మ్, దాని చివర చక్రం. రాయి ఎక్కగానే కడ్డీ మెలిపడుతుంది, దిగగానే విప్పుకుంటుంది. 1934 నాటి స్వీడన్ ట్యాంకు ల్యాండ్స్‌వెర్క్ ఎల్-60తో ఈ పద్ధతి ట్యాంకుల్లోకి వచ్చింది. టైగర్‌లో ఇలాంటివి 16. మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యే సైనిక వాహనం 'శరత్'కీ ఇవే ఆధారం.

మరి అసలు కడ్డీని ఆరో వంతుకు కుదిస్తే సరిపోదా? సరిపోదు! అలా చేస్తే కడ్డీ బిగువు 216 రెట్లు తగ్గుతుంది. బరువు కూడా అదే లెక్కన తగ్గిందనుకున్నా, ఆర్మ్ పొడవు సైతం ఆరో వంతే కాబట్టి మెలిపెట్టే బలం ఏకంగా 1,296 రెట్లు పడిపోతుంది. అంటే కడ్డీ అవసరానికి ఆరు రెట్లు బిగువు. పైగా 57 టన్నుల టైగర్ ఆ లెక్కన 264 కిలోలు తూగాలి. ఇంట్లో చేసే బొమ్మలు చాలావరకు అంతకన్నా తేలిక. ఇక చక్రాలు కదిలేదెక్కడ?

అసలు కిటుకంతా మందంలోనే ఉంది. పొడవు రెట్టింపైతే బిగువు సగమవుతుంది. మందం రెట్టింపైతే మాత్రం 16 రెట్లు పెరుగుతుంది! 80 కిలోల బొమ్మలో ఒక్కో ఆర్మ్‌పై పడే భారం 5 కిలోలు. ఆర్మ్ 6 సెంటీమీటర్లు, స్ప్రింగ్ స్టీల్ కడ్డీ 30 సెంటీమీటర్లు అనుకుందాం. 3 మిల్లీమీటర్ల కడ్డీ దాదాపు 80 డిగ్రీలు తిరిగిపోతుంది. బొమ్మ కూలబడినట్టే. 4 మిల్లీమీటర్లదైతే 25 డిగ్రీలు, 5 అయితే 10, 6 అయితే 5 డిగ్రీలే. ఈ బొమ్మకు 5 మిల్లీమీటర్లది నప్పుతుంది. నిలబడినప్పుడు సెంటీమీటరు కుంగుతుంది, రాయి ఎక్కితే ఇంకా కుంగడానికి చోటుంటుంది. ఆ కుంగే మేరకు ఆర్మ్‌ను ముందే కిందికి వంచి బిగిస్తే ఎత్తు సరిగ్గా కుదురుతుంది.

లెక్క మీద అనుమానముంటే 16 కడ్డీలూ ఒకేసారి కొనక్కర్లేదు. ఒక్కటి తెచ్చి ఒక కొస గట్టిగా బిగించి, రెండో కొస వంగకుండా బుష్‌లో నిలిపి, ఆర్మ్ తొడిగి 5 కిలోల బరువు వేలాడదీస్తే చాలు. ఎంత తిరిగిందో కోణమానినితో కొలవచ్చు. అన్నట్టు, అన్నిటికన్నా ముందు చేయాల్సింది మరొకటుంది... బ్యాటరీలు, మోటార్లతో సహా బొమ్మను కాటా ఎక్కించడం!