ఇల్లు – పొదుపు: ఉగాదికి ముందు నీళ్ల లెక్క

ఉగాది వస్తోందంటే మన ఇళ్లలో బూజులు దులుపుతాం. అటక మీది ఇత్తడి సామాను దించి చింతపండుతో తోముతాం. గడపలకు పసుపు రాస్తాం. కానీ గోడల లోపల, బచ్చలింటి కింద, మిద్దె మీద ఏడాది పొడుగునా పనిచేసే పైపుల జోలికి ఎవరం పోము. అవి చెడినప్పుడే గుర్తుకొస్తాయి. చెడేది కూడా నడి వేసవిలో, నీళ్లు రాని రోజున, ప్లంబరు దొరకని ఆదివారం నాడే! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

బ్యాంకులో మాకు మార్చి 31 పద్దుల ముగింపు. రాబడి, ఖర్చు, నిల్వ సరిపోలాలి. తేడా వస్తే అది ఎక్కడుందో తేలేదాకా కుర్చీ వదలకూడదు. ఇంటి నీళ్లకు కూడా ఇదే పద్ధతి పెట్టుకోమని ఈసారి నా మనవి. సంవత్సరానికి ఒక్కసారి, ఉగాదికి ముందు ఒక ఆదివారం కేటాయిస్తే చాలు.

నీళ్ల విలువ మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు. చెన్నైలోని మన సభ్యులు 2019 వేసవిలో బిందెలు పట్టుకుని లారీల వెంట నిలబడ్డారు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఇక్కడికి కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపుల మీద ఎక్కి వస్తాయి. అంత శ్రమపడి వచ్చిన నీళ్లు మన ఇంట్లోకి వచ్చాక చడీచప్పుడు లేకుండా కారిపోతే ఎవరిని అనాలి?

మొదట కొళాయిలు చూడండి. కొళాయి అనండి, నల్లా అనండి, కన్నడంలాగా నల్లి అనండి. (ఊరి నుంచి వచ్చిన చుట్టాల ముందు మాత్రం "బచ్చలింట్లో నల్లి చెడిపోయింది" అనకండి, పరుపులు దులపడం మొదలుపెడతారు!) చుక్కలు కారే కొళాయి కింద ఒక గంట సేపు గిన్నె పెట్టి, వచ్చిన నీళ్లు కొలవండి. గంటకు ఒక లీటరు వస్తే రోజుకు 24 లీటర్లు, ఏడాదికి 8,760 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన నలుగురున్న ఇంటికి అవి 16 రోజుల నీళ్లు. చాలాసార్లు దీనికి మందు ఒక వాషరే. కొళాయిని ఇంకా బిగించి తిప్పితే వాషరు మరింత నలుగుతుంది, అంతకుమించి ప్రయోజనం లేదు. నీళ్లు కట్టేసి వాషరు మార్చడమే పని.

రెండోది మిద్దె మీది ట్యాంకు. రాత్రి అందరూ పడుకునే ముందు మోటారు ఆపి, ట్యాంకులోకి వేరే నీళ్లు రాకుండా చూసుకుని, ఒక కర్ర ముంచి మట్టం గుర్తు పెట్టండి. తెల్లవారి ఎవరూ నీళ్లు ముట్టకముందే మళ్లీ కొలవండి. మీటరు ఎత్తున్న 1,000 లీటర్ల ట్యాంకులో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 10 లీటర్లు పోయినట్లు. రాత్రి ఎవరూ వాడలేదు కనుక అది కారుడే.

మా వీధిలో ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఉన్నారు. నెలకు 5,000 లీటర్లు వాడే ఆమెకు ఒక నెల 12,000 లీటర్లకు బిల్లు వచ్చింది. నీళ్ల బిల్లులో వాడకం పెరిగేకొద్దీ వెయ్యి లీటర్ల ధర కూడా పెరుగుతుంది. "నేనే ఎక్కువ వాడుతున్నానేమో నాయనా" అనుకుని ఆమె రోజు విడిచి రోజు స్నానం చేయసాగారు. తులసికోట దగ్గర మొక్కలు కూడా ఎండిపోయాయి. కొడుకుకు ఫోన్ చేస్తే ఇల్లు అమ్మి తన దగ్గరకు వచ్చేయమంటాడని అతనికి చెప్పలేదట. ఆ రాత్రి ట్యాంకులో కర్ర పెట్టి చూశాం. పది గంటలకు పెట్టిన గుర్తు ఉదయం ఆరుకు 8 సెంటీమీటర్లు దిగింది. అంటే 8 గంటల్లో 80 లీటర్లు, రోజుకు 240, నెలకు 7,200. బిల్లులో తేడా దాదాపుగా తేలిపోయింది.

మరి ఎక్కడ కారుతున్నట్లు? కొళాయిలన్నీ పొడిగా ఉన్నాయి. అప్పుడు మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకులో బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు వేసి, అరగంట ఎవరినీ వాడవద్దన్నాం. చూస్తే కింద తెల్లని పింగాణీ మీద నీలం చార! లోపలి రబ్బరు అరిగిపోయి నీళ్లు సన్నగా జారుతున్నాయి. శబ్దం లేదు, తడి కనిపించదు. రబ్బరు మార్చాక మరుసటి రాత్రి మట్టం కదలలేదు. "అయితే నా తప్పు కాదన్నమాట" అని ఆమె రెండుసార్లు అడిగారు. "కాదు పెద్దమ్మా" అన్నాను. నీలిమందు పరీక్ష ప్రతి ఇంట్లోనూ చేయండి. అందులోనూ పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇంట్లో మీరే వెళ్లి చేయండి.

మూడోది సంపు. లోపలికి వచ్చే నీళ్లు కట్టేసి, రాత్రికి ఇలాగే గుర్తు పెట్టండి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న సంపులో సెంటీమీటరు తగ్గితే 40 లీటర్లు నేలలోకి ఇంకినట్లు. మట్టం పెరిగితే అది ఇంకా ప్రమాదం. బయటి నీళ్లు, ఒక్కోసారి మురుగు కూడా, పగులు గుండా లోపలికి వస్తున్నాయన్నమాట. ఆ నీళ్లు తాగడం ఆపి ముందు మరమ్మతు చేయించండి.

సంపు కడిగించేటప్పుడు ఒక్క మాట. మూత తీయగానే ఎవరినీ లోపలికి దిగనివ్వకండి. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు. కొన్ని గంటలు మూత తీసి గాలి ఆడనివ్వండి. మోటారు స్విచ్చి ఆపండి. దిగే మనిషిని ఒంటరిగా వదలకుండా పైన ఒకరు నిలబడాలి. దిగినవాడు పడిపోతే తొందరపడి మరొకరు దూకకూడదు. అలా ఒకరి వెనుక ఒకరు పోయిన కుటుంబాలున్నాయి.

సెప్టిక్ ట్యాంకులోకైతే మనిషిని దింపనే కూడదు. అలా చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. యంత్రం ఉన్న బండినే పిలవాలి. ఈ అన్యాయం మీద జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. మనవాడని గర్వపడితే చాలదు, మన ఇంటి దగ్గర ఆయన మాట నిలబెట్టాలి.

నాలుగోది వాల్వులు. ఇంటికంతటికీ నీళ్లు కట్టే వాల్వు ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలియాలి. పైపు పగిలినప్పుడు వెతుక్కోవడం దాహమైనప్పుడు బావి తవ్వడమే. మూడు నెలలకొకసారి, అంటే మన పత్రిక చేతికి వచ్చినప్పుడల్లా, దాన్ని ఒకసారి మూసి తెరవండి. లేకుంటే బిగుసుకుపోతుంది. మొరాయిస్తే బలం చూపకండి, విరుగుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో షవరు రంధ్రాలకు, కొళాయి మూతి జాలీలకు తెల్లని ఉప్పు పేరుకుంటుంది. వాటిని విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే ధార మళ్లీ బాగా వస్తుంది.

ఇక ఏప్రిల్, మే నెలల్లో పెళ్లిళ్లకూ సెలవులకూ మన ఊళ్లకు పోతాం. తాళం వేసే ముందు ఆ పెద్ద వాల్వు కట్టేయండి, గీజరు స్విచ్చి ఆపండి. బచ్చలింటి మూల జాలీ కింద గిన్నెలాంటి వంపు ఒకటి ఉంటుంది, ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో నిలిచే నీళ్లే మురుగు వాసననూ బొద్దింకలనూ ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. వేసవిలో నెల రోజులు ఇల్లు మూస్తే అవి ఆవిరైపోతాయి. పోయే ముందు ఒక చెంబెడు, రాగానే ఒక చెంబెడు పోయండి. పక్కింటివారి దగ్గర తాళంచెవి ఉంటే నడుమ ఒకసారి పోయమని చెప్పండి.

చివరగా, మిద్దె మీది వాననీటి గొట్టాల నోళ్లు తీయించండి. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. వాననీటి సేకరణను తమిళనాడులో 2003లో తప్పనిసరి చేశారు, బెంగళూరులో 2009లో చట్టం తెచ్చారు. గొట్టంలో ఎండుటాకులుంటే చట్టం ఏం చేస్తుంది? మామిడి వానలు పడేలోగా ఆ పని కానివ్వండి.

ఇవన్నీ ఇంటి పద్దు పుస్తకంలో ఒక పేజీలో రాయండి. ట్యాంకు మట్టం, సంపు మట్టం, మార్చిన వాషర్లు, ప్లంబరు ఫోన్ నంబరు, తేదీ. వచ్చే ఉగాదికి అదే పేజీ పక్కన ఆ ఏటి అంకెలు వేసి పోల్చి చూడండి. పాఠకులందరికీ ఉగాది శుభాకాంక్షలు.