పాస్‌పోర్టుకి కులం ఉంటుందా?

(వలస బతుకులు - 6వ భాగం)



పోయిన భాగం చదివి యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, నువ్వు అన్నిట్లోకీ కులాన్ని లాగుతావు. వీసా రూల్సు, టీకా రూల్సు అందరికీ ఒకటే కదా. పాస్‌పోర్టుకి కూడా కులం ఉంటుందా?" మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. ఈ భాగం మొత్తం నీకే.

ముందు 2021 గుర్తు చేసుకుందాం. కరోనా రెండో వేవ్ తగ్గి విమానాలు మళ్ళీ ఎగురుతున్న రోజులు. కోవిషీల్డ్ రెండు డోసులు వేసుకుని వెళ్ళినా సరే, భారతీయులని టీకా వేసుకోనివాళ్ళ కిందే లెక్కగట్టి 10 రోజులు క్వారంటైన్‌లో పెడతామంది బ్రిటన్. కోవిషీల్డ్ అంటే వాళ్ళ ఆక్స్‌ఫర్డ్ టీకానే, పూణేలో తయారైంది. టీకా మంచిదేనట, మన సర్టిఫికెట్టు మీద నమ్మకం లేదట. ఇక్కడ పెద్దవాళ్ళందరికీ మండింది. ఇది జాత్యహంకారమని నాయకులు అన్నారు. నిజమే అన్నారు, నేనూ ఒప్పుకుంటాను. మన ప్రభుత్వం ఊరుకోలేదు. అక్టోబర్ 4 నుంచి ఇక్కడికొచ్చే బ్రిటిష్ పౌరులకి కూడా 10 రోజుల క్వారంటైన్ పెట్టింది. దెబ్బకి దెబ్బ. అక్టోబర్ 11 నుంచి బ్రిటన్ దారికొచ్చింది. సరిగ్గా వారం పట్టింది.

ఇప్పుడు అదే సంవత్సరం ఇంకో లైను చూడండి. సెలవు మీద ఇంటికొచ్చి ఇరుక్కుపోయిన గల్ఫ్ కార్మికుల లైను. ఊరి పీహెచ్‌సీలో ఆ రోజు ఏ సీసా ఉంటే అదే వేశారు. కోవాగ్జిన్ వేయించుకున్నవాడికి అది మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైందని చెప్పుకోవడానికే తప్ప, సరిహద్దు దాటడానికి పనికిరాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికి అనుమతి ఇచ్చేసరికి నవంబర్ 3 అయింది. అమెరికా వెళ్ళే మన విద్యార్థులు కొందరిని కూడా, ఈ టీకా చెల్లదు, మళ్ళీ వేయించుకోమని అక్కడి యూనివర్సిటీలు అడిగాయి. ఇక సౌదీ అయితే, తమ దేశంలో టీకా వేసుకుని వచ్చినవాళ్ళని మినహాయించి, మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళని డిసెంబర్ 1 దాకా నేరుగా రానివ్వలేదు. మూడో దేశంలో 14 రోజులు ఉండి రమ్మంది. ఆ హోటల్ ఖర్చు, రెండో టికెట్టు ఖర్చు కూలీ నెత్తిన పడింది. దీనికి దెబ్బకి దెబ్బ ఎవరైనా తీశారా? లండన్ పోయేవాడి సర్టిఫికెట్టు దేశ గౌరవమైంది. రియాద్ పోయేవాడి సర్టిఫికెట్టు వాడి సొంత తలనొప్పి అయింది.

అదొక్క ఏడాది ముచ్చట అనుకుంటే పొరపాటు. కరోనా లేనప్పుడు కూడా రెండు లైన్లు ఉన్నాయి. ఆ గీత గీసింది పరాయి దేశం కాదు, మనదే.

1983 ఎమిగ్రేషన్ చట్టం కింద మన పాస్‌పోర్టులు రెండు రకాలు. పదో తరగతి పాసైతే నువ్వు ఏ దేశానికి పనికి పోయినా ఇక్కడ అడిగేవాడు లేడు. పది పాసవకపోయినా ఆదాయపు పన్ను కడితే అప్పుడూ అడగరు. ఈ రెండూ లేనివాడు సాధారణంగా 'ఈసీఆర్'లో పడతాడు. అంటే గల్ఫ్, మలేషియా లాంటి 18 దేశాలకి పనికోసం పోవాలంటే వీసా ఒక్కటే చాలదు, సొంత ప్రభుత్వం క్లియరెన్స్ కూడా కావాలి. ఆడమనిషి అయితే 30 ఏళ్ళు నిండాలి. 2018 జనవరిలో అయితే ఈసీఆర్ వాళ్ళకి ఏకంగా నారింజ రంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామన్నారు. గొడవ అయ్యాక అదే నెలాఖరుకి వెనక్కి తీసుకున్నారు. మెడకి ముంత, నడుముకి తాటాకు కట్టించిన దేశంలో చేతికి రంగు అట్ట ఇద్దామన్న ఆలోచన వచ్చిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

తమ్ముడూ, పాస్‌పోర్టులో కులం గడి లేదు, ఒప్పుకుంటాను. కానీ పది ఎవరు తప్పారు? పత్తి ఏరే సీజన్లో బడి మానేసినవాళ్ళు ఎవరి పిల్లలు? పన్ను కట్టేంత ఆదాయం ఎవరింట్లో లేదు? మా వాడలో లెక్క తీస్తే ఈసీఆర్ జాబితా, పాత జీతగాళ్ళ జాబితా దాదాపు ఒకటే.

"అది రక్షణ కోసం పెట్టిన రూలు కదా" అంటారు చదువుకున్న పెద్దలు. ఈసీఆర్ మీద పోయినవాళ్ళకి 10 లక్షల బీమా ఉంది, కాదనను. కానీ జరిగేది చూడండి. 30 నిండని ఆడపిల్లకి ఇంట్లో అప్పు ఆగదు. ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడు. ఆమె పేరు ఏ ప్రభుత్వ రికార్డులోనూ పనిమనిషిగా ఉండదు. బీమా లేదు, కాంట్రాక్టు లేదు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో. పారిపోతే ఖల్లివెల్లి. ఏజెంటుని, యజమానిని కట్టడి చేయడం చేతగాక ఆడపిల్ల వయసుని కట్టడి చేశారు. దాన్ని రక్షణ అంటున్నారు.

ఇక మెడికల్. గల్ఫ్ వీసాకి వాళ్ళు ఒప్పుకున్న సెంటర్లోనే పరీక్షలు చేయించుకోవాలి. మా చిన్నాయిన కంకర క్వారీలో పనిచేసి టీబీ తెచ్చుకున్నాడు. ఆరు నెలలు మందు మింగాడు, నయమైంది. అప్పు చేసి మెడికల్‌కి పోతే ఎక్స్‌రేలో పాత మచ్చ కనపడింది. 'అన్‌ఫిట్' అని కాగితం చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి నాకు చూపించాడు. "బిడ్డా, ఇండ్ల ఏం రాసిండ్రు?" చదివి చెప్పాను. "తగ్గిన రోగానికి గూడ శిక్షేనా?" అన్నాడు. ఫీజు తిరిగి రాలేదు, ఏజెంటుకిచ్చిన అడ్వాన్సూ రాలేదు. టీబీ ఎవరి ఊపిరితిత్తులని వెతుక్కుంటూ వస్తుందో మనకి తెలుసు. దుమ్ములో పనిచేసి ఇరుకు గుడిసెలో పడుకునేవాడి దగ్గరికే వస్తుంది.

నేను టీకాలకి వ్యతిరేకం కాదు, పరీక్షలకీ కాదు. ఎల్లో ఫీవర్ రూలు చూడండి. ఆ జబ్బున్న దేశం నుంచి వస్తే టీకా కార్డు చూపించాలి. మంత్రి అయినా మేస్త్రీ అయినా అంతే. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. రూలు జబ్బుని చూస్తోంది, చదువునీ పన్నునీ అడగడం లేదు. అలాంటి రూలుకి నేను ముందు లైన్లో నిలబడతాను.

బాబాసాహెబ్ తన అనుభవాలు రాసిన చిన్న పుస్తకానికి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని పేరు. కొలంబియా యూనివర్సిటీలో పాఠంగా చెబుతున్నారు, మన క్లాసుల్లో చెప్పరు. అందులో ఉన్నవి విదేశీ ప్రయాణాలు కావు. సొంత దేశంలో బండి ఎక్కడానికి, గది దొరకడానికి, చెరువు నీళ్ళు ముట్టడానికి పడ్డ పాట్లు. కాఠియావాడ్‌లో దళిత టీచరు భార్య బాలింతగా జబ్బు పడితే డాక్టరు ఆమెని ముట్టుకోలేదు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త ఆమెకి పెట్టాడు. ఆమె బతకలేదు. వైద్యం ఉన్న చోట కూడా అంటు ఎలా పనిచేస్తుందో ఇంతకంటే చెప్పాలా?

ఇది చదువుతున్న విద్యార్థులకి ఒక మాట. మనకి పది ఉంది, డిగ్రీ ఉంది, మన లైను వేరే అనుకోకండి. విదేశాల్లో చదివే ఎస్సీ తదితర విద్యార్థులకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పులు 125. భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేస్తామంటే ఇవ్వమని 2022లో రూలు మార్చారు. అంటే పరాయి దేశం వీసా ఇచ్చినా, నీ కులం గురించి నువ్వు అక్కడ చదవడానికి ఇక్కడ క్లియరెన్స్ లేదు. చిన్నాయిన ఎక్స్‌రే, నీ పీహెచ్‌డీ టాపిక్కు ఒకే చోట ఆగుతున్నాయి.

కాబట్టి అడగాల్సినవి ఇవి. రక్షణని పది పాస్ సర్టిఫికెట్టుకి కాదు, పనికీ కాంట్రాక్టుకీ ముడిపెట్టాలి. ఆడవాళ్ళ 30 ఏళ్ళ రూలు తీసేసి ఏజెంట్లని జైల్లో పెట్టాలి. మెడికల్ ఖర్చు యజమాని భరించాలి. నయమైన టీబీకి ప్రభుత్వ ఆసుపత్రిలో రెండో పరీక్ష, దాని మీద గల్ఫ్ దేశాలతో ఒప్పందం కావాలి. స్కాలర్‌షిప్పు మీద నిషేధం ఎత్తేయాలి. బ్రిటన్‌తో వారంలో తేల్చుకున్న ప్రభుత్వానికి ఇది చేతకాదంటే నేను నమ్మను.

ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ వాడలో గల్ఫ్ పోయేవాళ్ళ కాగితాలు ఒక్కసారి మీరే చదివి పెట్టండి. విజిట్ వీసానా, పని వీసానా, కాంట్రాక్టులో ఏముంది, బీమా ఉందా. చదువొచ్చిన మనం చేయాల్సిన మొదటి పని అదే.

వచ్చే భాగంలో గల్ఫ్ నుంచి పెట్టెల్లో తిరిగొచ్చేవాళ్ళ గురించి.

జై భీమ్.