రాయిలో కొలెస్టరాల్, గుహలో తేనెపట్టు

భీంబేట్కా బొమ్మ ఈ వారం మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. భోపాల్ దగ్గరి గుహలో, పైకప్పు రాతి మీద, ఈనెలు తేలిన పెద్ద ఆకులాంటి గుర్తు. కింద ‘55 కోట్ల ఏళ్ల నాటి జంతువు మన దేశంలో’ అన్న వ్యాఖ్య. దాన్ని ముందుకు పంపుతున్నవాళ్లలో డిగ్రీలు చదివినవాళ్లున్నారు, పిల్లలకు సైన్సు చెప్పే మాస్టర్లున్నారు. అది జంతువూ కాదు, శిలాజమూ కాదు. తేనెటీగలు వదిలి వెళ్లిన పట్టు తాలూకు ఆనవాలు. ఆ సంగతి 2023లోనే తేలిపోయింది.

పొరపాటు జరిగిందని ఎవరినీ నిందించనక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ రిటాలక్, ఆయన సహచరులు ఆ గుర్తును డికిన్సోనియా అనే ప్రాచీన జీవి శిలాజంగా ప్రకటించారు. తర్వాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జోసెఫ్ మీర్ట్ బృందం వెళ్లి చూసేసరికి అది అప్పటికే పెచ్చులూడుతోంది. కోట్ల ఏళ్లు రాతిలో నిలిచినది రెండు మూడేళ్లలో రాలిపోదు. పైగా ఆ చుట్టుపక్కల తేనెపట్లున్నాయి. మీర్ట్ బృందం తన వాదనను అచ్చు వేసింది, రిటాలక్ పంతానికి పోకుండా ఒప్పుకున్నారు. సైన్సు ఎలా నడవాలో అలాగే నడిచింది. మొదటి వార్త మాత్రం బొమ్మతో సహా ఊరూరా చేరింది, దిద్దుబాటు చేరలేదు.

ఎందుకు చేరలేదంటే, మొదటి వార్తలో బొమ్మా వయసూ తప్ప మరేమీ లేవు. ఎలా తెలిసిందన్నది అందులో లేదు. అసలైన డికిన్సోనియాను ఎలా పట్టుకున్నారో మన పాఠకుడికి ముందే తెలిసి ఉంటే, భీంబేట్కా వార్త చదవగానే ‘మరి అందులో కొలెస్టరాల్ దొరికిందా?’ అని అడిగేవాడు.

ఆ కొలెస్టరాల్ కథ ఒక పరిశోధక విద్యార్థిది. డికిన్సోనియాను 1947లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియాకరా కొండల్లో దొరికిన అచ్చుల ఆధారంగా వర్ణించారు. గుండ్రంగా, చారలతో, కొన్ని మీటరు దాటిన పొడవుతో ఉంటాయవి. నోరు లేదు, కడుపు లేదు. జంతువని కొందరు, లైకెన్ అని కొందరు, పెద్ద ఏకకణ జీవి అని ఇంకొందరు 70 ఏళ్లు వాదించుకున్నారు. ఆకారం ఒక్కదాన్నే చూస్తే ఆ తగువు తెగేది కాదు.

ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న ఇల్యా బొబ్రోవ్‌స్కీ ఆకారాన్ని పక్కనపెట్టి రసాయనాన్ని అడిగాడు. రష్యా వాయవ్యాన తెల్లసముద్రం ఒడ్డున 60 నుంచి 100 మీటర్ల ఎత్తున్న కొండచరియలున్నాయి. అక్కడి శిలలు భూగర్భపు వేడికి పెద్దగా గురికాలేదు. అందువల్ల డికిన్సోనియా శరీరం తాలూకు పలచటి సేంద్రియ పొర ఇంకా మిగిలి ఉంది. చరియ అంచు నుంచి తాళ్లతో వేలాడుతూ ఇసుకరాతి దిమ్మెలు తవ్వి, కిందికి దొర్లించి, కడిగి, శిలాజం కనబడేదాకా మళ్లీ మళ్లీ అదే పని చేశాడా కుర్రవాడు. తెచ్చిన పొరల్లోని కొవ్వు అణువులను ద్రావకాలతో తీసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మాస్ స్పెక్ట్రోమీటర్లతో విడదీసి చూశాడు. పెద్ద శిలాజాల్లోని స్టెరాయిడ్ అణువుల్లో నూటికి 90కి పైగా కొలెస్టరాల్ వర్గానివే. పక్కనే ఉన్న మట్టిలో మాత్రం ఆకుపచ్చ నాచు వదిలిన వేరే స్టెరాయిడ్లదే పైచేయి. అంటే ఆ కొలెస్టరాల్ చుట్టూ ఉన్న బురదలోది కాదు, ఆ జీవి ఒంటిదే. అంత కొలెస్టరాల్ జంతువు గుర్తు. 2018 సెప్టెంబరులో ‘సైన్స్’ పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. శిలాజం వయసు 55.8 కోట్ల ఏళ్లు.

రక్తపరీక్ష కాగితంలో కొలెస్టరాల్ అంకె చూసుకోని ఇల్లు మన దగ్గర అరుదు. ఆ అణువే 55 కోట్ల ఏళ్ల నాటి జీవిని జంతువుగా సాక్ష్యం చెప్పి నిలబెట్టిందంటే వినని తెలుగువాడు ఉంటాడా?

ఇంతకన్నా చెప్పుకోదగ్గ భాగం ఆ ప్రయోగశాల చరిత్రలో ఉంది. బొబ్రోవ్‌స్కీకి మార్గదర్శి యోహెన్ బ్రాక్స్. ఆయనే 1999లో, తాను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో 270 కోట్ల ఏళ్ల నాటి శిలల్లో స్టెరాయిడ్ల అవశేషాలు దొరికాయని మరికొందరితో కలిసి ప్రకటించారు. స్టెరాయిడ్లు కేంద్రకం ఉన్న కణాల గుర్తు కాబట్టి, అలాంటి కణాలు అంత పాతవా అని ప్రపంచం ఆశ్చర్యపోయింది. 2008లో ఆ అణువులు రాతితో పుట్టినవి కావని, తర్వాత చేరినవని ‘నేచర్’లో ఒక వ్యాసం వచ్చింది. దాని రచయితల్లో బ్రాక్స్ ఒకరు. చివరికి 2015లో అమెరికాలోని ఎంఐటీ, వుడ్స్ హోల్ ఉమ్మడి కార్యక్రమంలో డాక్టరేట్ చేసిన కేథరిన్ ఫ్రెంచ్, అదే పిల్బరాలో మలినం అంటకుండా ప్రత్యేక జాగ్రత్తలతో తవ్వించిన రాళ్లను పరీక్షించి, ఆ అణువులు అసలు లేవని చూపింది. 1999 వ్యాసంలో భాగస్వామి అయిన రోజర్ సమన్స్ ఈ 2015 వ్యాసంలోనూ ఉన్నారు.

తమ పేరు మోసిన ఫలితాన్ని తామే కొట్టేసుకున్న ఈ మనుషుల గురించి మన పిల్లలకు ఎవరు చెబుతారు? గాజు సామానును వందల డిగ్రీల వేడిలో కాల్చి, ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వక, ఏమీ లేని ఖాళీ నమూనాను కూడా అన్ని దశల్లోనూ నడిపించి, ‘ఇందులో నా చేతి జిడ్డు ఎంత, డ్రిల్లింగు నూనె ఎంత’ అని రోజూ అనుమానించుకోవడమే, రాళ్లలో ప్రాణుల అణువులను వెతికే ఆర్గానిక్ జియోకెమిస్ట్రీలో విద్యార్థి బతుకు. ఆ అనుమానం అలవాటైన పాఠకుడు ఫార్వర్డ్ నొక్కేముందు ఒక్క క్షణం ఆగుతాడు. అందుకే ఆ కథ ప్రొఫెసర్ పదవీ విరమణ చేశాక రాసే జ్ఞాపకాల్లో కాదు, విద్యార్థి పని చేస్తుండగానే తెలుగులో రావాలి.

ఈ శీర్షిక పదేపదే అడిగేది ఒక్కటే, ఇప్పుడూ అదే అడుగుతుంది. తెలుగు రాష్ట్రాల్లోని విశ్వవిద్యాలయాల్లో సమర్పించే ప్రతి సైన్సు సిద్ధాంతగ్రంథంలో రెండు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. రాసింది ఇంటర్ చదివే పిల్లవాడికి అర్థం కావాలి. అర్థం కాకపోతే మళ్లీ రాయించాలి. 2023 జనవరి నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోకు నెలకు రూ.37,000 ఇస్తున్నది జనం కట్టిన పన్నుల్లోంచే. ఆ జనానికి రెండు పేజీలు ఇవ్వడం దయ కాదు, బాకీ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన ‘త్రీ మినిట్ థీసిస్’ పోటీ ఈ రోజు ఎన్నో దేశాల్లో జరుగుతోంది. ఒక్క స్లైడు, మూడు నిమిషాలు, అంతే. 80,000 పదాల గ్రంథాన్ని చదివి వినిపించాలంటే తొమ్మిది గంటలు పడుతుందని వాళ్లే లెక్క చెబుతారు. అక్కడ మూడు నిమిషాలకు కుదించగలిగినదాన్ని ఇక్కడ రెండు పేజీల్లో పెట్టలేమా?

విద్యార్థులకు ఇష్టం లేదనుకోవడం అన్యాయం. ఉద్యోగానికీ పదోన్నతికీ లెక్కకొచ్చేది ఇంగ్లిష్ జర్నళ్లలో పేపర్లే అయినప్పుడు, తెలుగు వ్యాసం రాసే కుర్రవాడికి గైడు దగ్గర దక్కేది మందలింపే. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్, వేమూరి వేంకటేశ్వరరావు తెలుగులో సైన్సు రాశారంటే సొంత పట్టుదలతో రాశారు. ఏ విశ్వవిద్యాలయమూ వాళ్లను రాయమని అడగలేదు. పట్టుదల ఉన్న ముగ్గురు నలుగురి మీద ఒక భాష ఎన్నాళ్లు బతుకుతుంది?

ఈ ఆర్గానిక్ జియోకెమిస్ట్రీ ఎక్కడో పిల్బరాలోదీ తెల్లసముద్రందీ అనుకుంటే పొరపాటు. 1934లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ ట్రైబ్స్ ముడిచమురులో పత్రహరితం నుంచి వచ్చిన పోర్ఫిరిన్లను గుర్తించి, చమురు ప్రాణుల నుంచే పుట్టిందని చూపడంతో ఇది మొదలైంది. కృష్ణా, గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ పుట్టిన రాళ్లలో ఒకదాని పేరు రాఘవాపురం షేల్. గోదావరి ప్రాంతపు ఊరి పేరే దానికి పెట్టారు. మట్టి రేణువులకు అంటుకున్న మీథేన్, ఈథేన్ లాంటి వాయువులను అతిసూక్ష్మ పరిమాణాల్లో కొలిచి కింద నిక్షేపం ఉందేమో ఊహించే పని హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ)లో ఏళ్లుగా సాగుతోంది.

ఇవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కోనసీమ రైతుకు మాత్రం ఈ గ్యాస్ గురించి తెలిసింది మంటల ద్వారానే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో లేచిన మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. తన కొబ్బరితోట కింద ఏ రాయి ఉంది, అందులో గ్యాస్ ఎలా పుట్టింది, ఎంత ఒత్తిడిలో ఉంది, పైపులో వెళ్లేటప్పుడు దానితో నీళ్లూ కండెన్సేటూ (గ్యాస్‌తో వచ్చే తేలిక చమురు) కలిసి ఉంటే పైపు ఇనుము ఎలా తుప్పు పడుతుంది? బావి తవ్వకముందే ఊరి మధ్య కూర్చోబెట్టి తెలుగులో చెప్పాల్సిన సంగతులివి. ప్రజాభిప్రాయ సేకరణ సభలకు వందల పేజీల ఇంగ్లిష్ నివేదికతో వచ్చి, చివర అభ్యంతరాలున్నాయా అని అడగడం మర్యాద కాదు. భూగర్భ రసాయనం చదివిన విద్యార్థిని ఆ సభలో నిలబెట్టి, జనం ప్రశ్నలకు జవాబు చెప్పించండి.

ఆంధ్రా, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పాలకవర్గాలకు ఒక్క మనవి. వచ్చే విద్యాసంవత్సరం నుంచి భూగర్భశాస్త్రం, రసాయన శాస్త్రం విభాగాల్లోనైనా ఆ రెండు తెలుగు పేజీలు చేతికి అందాకే వైవా తేదీ ఇవ్వండి.