రోగి చరిత్ర యెవరి సొత్తు?

జిల్లా కేంద్రమునందలి పెద్దాసుపత్రికి వచ్చు పల్లెటూరి రోగి చేతిలో నొక ప్లాస్టిక్ సంచి యుండును. నలిగిన ఓ.పి. చీటీలు, రక్తపరీక్షల కాగితములు, ఎక్స్‌రే ఫిలిములు, రెండు మూడు ఆసుపత్రుల మందుల చీట్లు అందులో కలగలిసి యుండును. అదియే అతని ఆరోగ్యచరిత్ర. వానలో తడిసినను, బస్సులో మరచినను ఆ చరిత్ర అంతటితో సమాప్తము. పిమ్మట డాక్టరు మొదటినుండి ప్రశ్నింపవలయును. చేసిన పరీక్షలే మరల చేయింపవలయును. పెన్సిలిన్ పడని దేహమునకు పెన్సిలినే యెక్కించినను ఆశ్చర్యము లేదు. కావున ప్రతి రోగి వృత్తాంతమును కంప్యూటరులో భద్రపఱచి, అతడే యాసుపత్రికి బోయినను డాక్టరునకు కనబడునట్లు చేయవలెనను ప్రయత్నమును మేము హృదయపూర్వకముగ ఆహ్వానించుచున్నాము.

ఈ యాలోచన నిన్న మొన్న పుట్టినది కాదు. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను మూడేండ్లు కాపాడవలెననియు, రోగి కోరిన 72 గంటలలో వానిని ఈయవలెననియు, వానిని కంప్యూటరులకు ఎక్కించుటకు యత్నింపవలెననియు భారత వైద్యమండలి 2002 నాటి నియమావళిలోనే వ్రాసెను. 2021 సెప్టెంబరు 27న కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతటను ఆరంభించెను. ఇందు చేరినవారికి ‘ఆభా’ యను 14 అంకెల సంఖ్య యొసగబడును. ఏ యాసుపత్రి వ్రాసిన రికార్డు ఆ యాసుపత్రియందే యుండును; ఈ సంఖ్య వానినన్నిటిని దారమువలె కలుపును; రోగి యనుమతి లేనిదే యొకరి యొద్దనున్నది వేరొకరికి అందరాదని నియమము. తెలంగాణములో 2022 లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాలయందు ఇంటింటికిని బోయి ఆరోగ్య వివరములను నమోదుచేయు ప్రయత్నమును జరిగినది. యోచన మంచిదే. కాని మంచి యోచనలు ఆచరణలో చెడుట మనమెరుగనిది కాదు.

ఇంగ్లండు దేశమువారి యనుభవమును చూడుడు. 2002 లో ఆ ప్రభుత్వము దేశమునందలి ఆసుపత్రులన్నిటను కంప్యూటరు రికార్డులను ఏర్పరుపబూనెను. వందలకోట్ల పౌనులు వ్యయమైన పిమ్మట 2011 లో ఆ పథకమును విప్పివేయుచున్నామని తానే ప్రకటింపవలసివచ్చెను. సర్వమును పైనుండి నిర్ణయించి, దానిని వాడవలసిన డాక్టర్లను, నర్సులను తగినంతగా సంప్రదింపకుండుట ఆ వైఫల్యమునకు ముఖ్య కారణములలో నొకటి. మన దేశమునందు 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటరులలోనికి దుండగులు చొరబడి, అందలి సమాచారమును తెరువరాకుండ బంధించిరి. దేశమునకెల్ల పేరుగన్న ఆ యాసుపత్రిలో చీటీలు మొదలు పరీక్షల ఫలితములవరకు అనేక దినములు చేతివ్రాతతో నడుపవలసివచ్చెను. పోయిన ధనమును మరల కూర్చుకొనవచ్చును. చెడిన యంత్రమును బాగుచేయవచ్చును. బయలుపడిన రహస్యమును మరల లోపల దాచుట బ్రహ్మకును తరము కాదు.

అందుచేత యంత్రము మాట యటుండనిచ్చి అధికారము మాట విచారింతము. ఈ చరిత్ర యెవరిది? ఆసుపత్రి దానిని వ్రాయును. ప్రభుత్వము దానికి సంఖ్య వేయును. కంపెనీ దానిని దాచు యంత్రమును అమ్మును. కాని దేహము రోగిది, బాధ రోగిది. కనుక చరిత్రయు రోగిదే. తక్కినవారందరు దానికి కావలివాండ్రు. 2023 లో చేయబడిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును ఈ ధర్మమునే అంగీకరించినది. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై యుండవలెననియు, ఇచ్చిన సమ్మతిని మరల తీసికొనవచ్చుననియు, సమ్మతి కోరు ప్రకటనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలుండవలెననియు అందు వ్రాయబడినది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. దీని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, అంచెలంచెలుగా అమలు జరుగుటకు ఏర్పాటయినది.

ఈ చట్టవాక్యము ఆసుపత్రి కిటికీ యొద్ద ఏమగునో యూహింపుడు. ఫోనునకు వచ్చిన అంకెలు చెప్పుమని గుమాస్తా యడుగును. రోగి చెప్పును. దేనికై చెప్పెనో అతడెరుగడు. వెనుక నూరుగురు వేచియున్నారు; కాదన్నచో చీటీ దొరకదేమో యని భయము. దీనిని సమ్మతి యనవచ్చునా?

పేదవానికి రహస్యమేల, మందు దొరికిన చాలదా యని కొందరందురు. క్షయ యని తెలిసినచో పని పోవునని వెరచు కూలివానికిని, మనోవ్యాధికి మందు పుచ్చుకొనుచు పెండ్లికి ఎదురుచూచు కన్యకును రహస్యము అక్కఱలేదా? ఎయిడ్స్ విషయమున 2017 నాటి చట్టము రోగి స్థితిని అతని సమ్మతి లేక వెల్లడింపరాదని ప్రత్యేకముగ విధించినది. ధనికునకు ఒక డాక్టరు నచ్చకున్న వేరొకడు కలడు. పేదవానికి సర్కారు ఆసుపత్రి యొక్కటే దిక్కు. ఎక్కువ రక్షణ కావలసినది అతనికే.

కావున మేము కోరునది స్వల్పము. ‘ఆభా’ ఐచ్ఛికమని ప్రభుత్వమే చెప్పుచున్నది గనుక, సంఖ్య లేదని యే రోగికిని చికిత్స నిరాకరింపరాదు. ఈ మాట ప్రతి ఆసుపత్రి గుమ్మమున పెద్ద తెలుగు అక్షరములలో వ్రాయింపవలయును. రోగము పేరు, మందు, మోతాదు, తనకు పడని మందు, ఈ నాల్గింటిని తెలుగులో అచ్చువేసి రోగి చేతికీయవలయును. తన రికార్డును ఎవరు, ఎప్పుడు తెరచిరో రోగి యడిగిన చూపవలయును. యంత్రము నిలిచిన దినమున చేతితో పని సాగించు పద్ధతిని సిబ్బందికి ముందుగనే నేర్పవలయును. వివరములు ఎక్కించుటకు వేరుగ గుమాస్తాలను నియమింపవలయును; లేనిచో డాక్టరు రోగి ముఖము చూచుట మాని కంప్యూటరు తెరను చూచుచు కూర్చుండును.

పురపాలకసంఘ సభ్యులును, గ్రంథాలయములవారును, విద్యావంతులైన పౌరులును తమ తమ యూళ్ల ఆసుపత్రులకు బోయి ఈ ప్రశ్నలను అడుగవలయునని మా ప్రార్థన. యంత్రములను కొని బిగించిన పిమ్మట నియమములను మార్చుట కష్టము. అడుగుటకు ఇదియే తరుణము.