అవ్వకు వినబడని మాట



ములకలపల్లిలో మా ఇంటికి దగ్గరలో ఒక అవ్వ ఉన్నది. చూపు బాగా మందగించినది. ఆమె కోసము, ఆమెవంటి మరి నలుగురి కోసము, వారమునకు ఒక అధ్యాయము చదివి, కంప్యూటరులో రికార్డు చేసి, వారి మనుమల ఫోన్లకు పంపుచున్నాము. ఈ పనికని తీగ లేని బ్లూటూత్ హెడ్‌సెట్ ఒకటి కొన్నాము. దానిలో పాటలు కమ్మగా వినబడినవి. కాని మేము చదివినది విని అవ్వ, "ఏందయ్యా, కుండల మూతి పెట్టి చదివినట్టున్నది. ఒక్క ముక్క తెలుస్తలేదు" అన్నది.

గొంతు పెంచి మరల చదివాము. అంతే. తప్పు గొంతులో లేదు.

హెడ్‌సెట్‌కు, కంప్యూటరుకు నడుమ ఉన్న దారి ఇరుకైనది. పాట వినునప్పుడు ఆ దారి ఒక వైపే నడుచును గనుక శబ్దము నిండుగా వచ్చును. మైకు తెరచిన వెంటనే రాకపోకలు రెండూ అందులోనే జరగవలెను. అప్పుడు హెడ్‌సెట్ పాటల పద్ధతి విడిచి ఫోను మాటల పద్ధతికి మారును. పాత పద్ధతిలో శబ్దమును సెకనుకు 8,000 సార్లు మాత్రమే కొలుచును. అందుచేత 4,000 హెర్ట్జ్‌కు పైనున్నది చేరనే చేరదు. మన ‘స’లోని బుసబుస శబ్దము చాలవరకు ఆ పైనే ఉన్నది. వయసు మీరిన చెవి ముందుగా పోగొట్టుకొనునది కూడ ఆ సన్నని శబ్దములనే. ఇక అవ్వకు ఏమి తెలియును? 2011లో వచ్చిన పద్ధతి 16,000 సార్లు కొలుచును. కొంత మేలే గాని, హెడ్‌సెట్, కంప్యూటరు రెండును దానికి తగినవై ఉండవలెను.

బ్లూటూత్ అనునది 10వ శతాబ్దపు డెన్మార్కు రాజు హరాల్డ్‌కు ఉన్న మారుపేరు. డేనులను క్రైస్తవులుగా చేసితినని యెల్లింగ్‌లో రాతిమీద చెక్కించుకొన్న రాజు ఆయనే. పేరు గొప్పదే, మైకు మాత్రము అంతంత మాత్రము!

పరిష్కారమునకు పైసా ఖర్చు కాలేదు. కంప్యూటరు సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్, ఇన్‌పుట్ అని రెండు ఉండును. అవుట్‌పుట్‌లో హెడ్‌సెట్‌నే ఉంచి, ఇన్‌పుట్‌లో ల్యాప్‌టాప్ సొంత మైకును ఎన్నుకొన్నాము. వినుట హెడ్‌సెట్‌లో, మాట్లాడుట ల్యాప్‌టాప్‌లో. రికార్డు చేయు ప్రోగ్రాములో కూడ మైకు ఏదని ఉన్నదో చూడవలెను. అది మారక మేము ఒక సాయంత్రమంతా పోగొట్టుకొన్నాము.

ల్యాప్‌టాప్ మైకు దూరమైతే గది అంతా మ్రోగును. అందుకని ఇప్పుడు పాత ఫోనుతో వచ్చిన తీగ ఇయర్‌ఫోనునే వాడుచున్నాము. దాని పిన్నుమీద మూడు గీతలుంటే మైకు ఉన్నట్లు, రెండే ఉంటే లేనట్లు. దాని మైకును నోటికి జానెడు దూరములో, కొంచెము ప్రక్కగా పట్టుకొంటే ఊపిరి తగలదు. మైకుకు, స్పీకరుకు వేరువేరు రంధ్రములున్న కంప్యూటరుకైతే నడుమ ఒక చిన్న జోడింపు తీగ కావలెను.

తీగ లేనిదే కావాలనువారు, యూఎస్‌బీలో గుచ్చు చిన్న రిసీవరుతో వచ్చు హెడ్‌సెట్ చూడవచ్చును. వాటిలో ఈ ఇబ్బంది తక్కువ. 2020లో ప్రకటించిన ఎల్‌ఈ ఆడియో అను కొత్త బ్లూటూత్ పద్ధతి కూడ మేలైనదే. అయితే కొనకముందు మీ కంప్యూటరు దానికి పనికివచ్చునో లేదో అడగండి, లేకున్న డబ్బు దండుగ.

పోయిన వారము పంపినది అవ్వ చివరివరకు విన్నదట. నడుమ ఒకచోట మాత్రము, "ఈడ వాన పడ్డది గదా" అన్నదట. నిజమే, మాది రేకుల ఇల్లు. వాన వెలిసినాక చదవవలసినది.