“ఇక్కడ అందరం క్షేమం” అని రాసే ముందు



మే, జూన్ నెలలు వచ్చాయంటే మా ఓపీకి జబ్బు లేనివాళ్ళు కొందరు వస్తారు. జుట్టు కురచగా కత్తిరించుకుని, చేతిలో ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని, “సిస్టరమ్మా, బ్లడ్ గ్రూపు కాగితం కావాలి” అనే పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలు. పక్కనే తల్లి. ఒకరు పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న నేషనల్ డిఫెన్స్ అకాడమీకి, ఒకరు అగ్నివీర్ శిక్షణకు, ఇంకొకరు సైనిక ఆసుపత్రిలో నర్సింగ్ చదువుకు వెళ్తుంటారు. ఒకప్పుడు ఎన్‌డీఏ అంటే మగపిల్లలకే. 2022లో అక్కడ ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆ మొదటి బ్యాచ్‌లో 17 మంది 2025 మే 30న శిక్షణ ముగించి బయటికి వచ్చారు. ఆ వార్త టీవీలో వచ్చిన రోజున మా నర్సింగ్ హాస్టలులో మిఠాయి పంచుకున్నాము. సంబంధం ఏమిటని అడగకండి, సంతోషం అలాంటిది.

బయలుదేరే ముందు ఆదివారం ఆ బిడ్డను గుడిలో ముందుకు పిలిచి ప్రార్థన చేస్తారు. తల్లి సున్నుండలు చుట్టి డబ్బాలో పెడుతుంది. రైలు ఎక్కించి వస్తారు. ఆ మరుసటి వారం నుంచే తల్లులు మమ్మల్ని అడగడం మొదలవుతుంది: “ఇంకా ఫోను రాలేదు సిస్టరమ్మా, ఏమయి ఉంటుందంటారు?”

ఏమీ అయి ఉండదు. తొలి వారాల్లో ఫోను ఎప్పుడు చేతికివ్వాలో, ఎంతసేపు ఇవ్వాలో శిక్షణ ఇచ్చేవాళ్ళే నిర్ణయిస్తారు. పొద్దున లేచింది మొదలు రాత్రి దీపాలు ఆర్పేదాకా పరుగు, డ్రిల్లు, పాఠాలు, బూట్లకు పాలిష్. మన సంఘంలోని ఒక కుటుంబం అమెరికాలో స్థిరపడింది. వాళ్ళ అమ్మాయి అక్కడ అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో చేరింది. చేరిన ఏడాది వేసవిలోనే ‘ప్లీబ్ సమ్మర్’ అని ఆరేడు వారాల తొలి శిక్షణ ఉంటుందట. అన్ని వారాలకూ కలిపి ఇంటికి ఫోను చేసుకునే అవకాశం రెండు మూడుసార్లే. మిగిలినదంతా ఉత్తరాల మీదే. ఆ తల్లి సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు, “నా జీవితంలో రాయనన్ని ఉత్తరాలు ఆ వేసవిలో రాశాను” అని చెప్పింది. దేశం ఏదైనా పద్ధతి అదే. ఇంటి మీదినుంచి మనసు కొంచెం మళ్ళించి, పక్కనున్న తోటివాళ్ళను నమ్ముకోవడం నేర్పుతారు. అందులో తప్పేమీ లేదనే మా అభిప్రాయం.

ఫోను రాకపోవడం కంటే, వచ్చిన ఆ పది నిమిషాల్లో మనం ఏమి మాట్లాడుకుంటున్నామన్నదే మాకు దిగులు. అందుకే ఈ నెల ఇది రాస్తున్నాము.

మా వార్డులో జరిగిన సంగతి ఒకటి చెబుతాము. ఆ తల్లీ కొడుకుల అనుమతితోనే రాస్తున్నాము. పేరు, ఊరు, అకాడమీ రాయడం లేదు.

ఆమెకు పదేళ్ళుగా షుగరు. కొడుకు జులైలో వెళ్ళాడు. ఆగస్టు మొదట్లో ఆమెకు కొత్త చెప్పు కరిచి కాలి వేలికి పుండు పడింది. నొప్పి తెలియలేదు. షుగరు ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది కనుక ఇలాగే జరుగుతుంది. వారం రోజులు పసుపు అద్దుకుని, వాసన మొదలయ్యాక మా దగ్గరికి వచ్చింది. అప్పటికే వేలు నల్లబడింది. తీసేయక తప్పలేదు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆమె మమ్మల్ని కోరినది ఒకటే: “మా బాబుకి తెలియకూడదు.” మేము సరేనన్నాము.

ఆ ఆదివారం బాబు ఫోను చేశాడు. ఆమె మంచం మీదినుంచే గొంతు సవరించుకుని, “ఇప్పుడే గుడినుంచి వచ్చానయ్యా, కూర పొయ్యి మీద ఉంది” అంది. వెనకాల ట్రాలీ చప్పుడు విని వాడు అదేమిటని అడిగితే “పక్కింటి వాళ్ళ బండి” అంది. పక్కన డ్రెస్సింగ్ చేస్తున్న మేము నవ్వు ఆపుకున్నాము. తరువాతి వారం ఫోను మోగేటప్పటికి ఆమె నిద్రలో ఉంది. మా సిస్టరు ఒకామె ఎత్తి, “మీ అమ్మగారు ప్రార్థన కూటంలో ఉన్నారు బాబూ” అని చెప్పింది. ఆ మాట చెప్పమన్నది మేమే.

అక్కడ ఆ అబ్బాయి సంగతి వేరుగా ఏమీ లేదు. చేరిన మూడో వారం నుంచి మోకాలి కింద, కాలి ముందరి ఎముకలో నొప్పి. డాక్టరుకు చూపిస్తే విశ్రాంతి రాస్తారు, విశ్రాంతి ఎక్కువైతే టర్ము పోతుంది, తోటివాళ్ళు ముందుకు వెళ్ళిపోతారు అని భయం. ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు మింగుతూ పరుగెత్తాడు. ఆదివారం ఫోనులో మాత్రం “బాగున్నానమ్మా, బాగా తింటున్నాను.” అక్టోబరులో ఒక రోజు పరుగు మధ్యలో ఆగిపోయాడు. ఎక్స్‌రేలో ఎముక చీలిక కనిపించింది. మొదట్లోనే చెప్పుకుని ఉంటే కొద్ది వారాల విశ్రాంతితో పోయేదేమో. ఇప్పుడు ఏ టర్ము పోతుందని భయపడ్డాడో అదే పోయింది. సిక్ లీవు మీద చంకలో కర్రలతో ఇంటికి వచ్చాడు.

మేము చూడడానికి వెళ్ళినప్పుడు వరండాలో ఒకే నవారు మంచం మీద తల్లి ఇటు, కొడుకు అటు, ఇద్దరూ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. ఇద్దరి కాళ్ళకూ కట్లు. ఎవరికైనా నవ్వు వచ్చే దృశ్యమే. మేము తెచ్చిన పళ్ళు తీసుకుంటూ ఆ అబ్బాయి మెల్లగా అన్నాడు: “అమ్మ వేలు పోయినదాని కంటే నాకు ఆ ప్రార్థన కూటం మాటే బాధగా ఉంది సిస్టర్. అందరికీ తెలుసు. నాకు తప్ప.”

మేము ఏమీ అనలేకపోయాము. ఇన్నేళ్ళ ఉద్యోగంలో రోగుల దగ్గర, బంధువుల దగ్గర ఎన్నో మాటలు పడ్డాము. కొన్ని న్యాయమైనవి, కొన్ని కావు. ఈ మాట న్యాయమైనదే.

తల్లిదండ్రులు చెప్పే కారణం మాకు తెలుసు. “అక్కడ వాడు కష్టపడుతున్నాడు, మన గొడవలు చెప్పి మనసు ఎందుకు చెదరగొట్టాలి?” ఇందులో ప్రేమ ఉంది, కాదనము. ఇంటి అప్పు, మేనమామతో తగాదా, పక్కింటివాళ్ళ గోడ, ఇవన్నీ ఆ పది నిమిషాల్లో కుమ్మరించనక్కర లేదు. కాని జబ్బు వేరు. ఆపరేషన్ వేరు. ఇంట్లో ఇంత పెద్ద సంగతి దాచిపెట్టి, అటు బిడ్డ మాత్రం తన నొప్పి మనకు చెప్పాలనుకోవడం ఎలా? దాచడం వాడు మన దగ్గరే నేర్చుకున్నాడు. “వాళ్ళను బాధపెట్టకూడదు” అనే మాట మనం అన్నట్టే వాడూ అనుకున్నాడు.

సమూయేలు మొదటి గ్రంథంలో యెష్షయి అనే తండ్రి ఉన్నాడు కదా. ముగ్గురు పెద్ద కొడుకులు సైన్యంలో ఉన్నారు. చిన్నవాడైన దావీదు చేత వేయించిన గింజలు, రొట్టెలు, వాళ్ళ అధికారికి జున్నుగడ్డలు పంపుతాడు. ఆదివారం బడిలో మనం ఆ వెంటనే గొల్యాతు దగ్గరికి వెళ్ళిపోతాము. ఆ తండ్రి ఇంకొక మాట కూడా చెప్పాడు. అన్నల క్షేమం కనుక్కుని, వాళ్ళ దగ్గరనుంచి ఏదైనా ఒక ఆనవాలు తెమ్మన్నాడు. క్షేమమేనని కబురు వస్తే ఆయనకు చాలలేదు. (అధికారికి జున్ను పంపడాన్ని మాత్రం ఈ రోజుల్లో అనుసరించకండి. ఎమ్మెల్యేగారి చేత అకాడమీకి ఫోను చేయించడమూ వద్దు. బిడ్డకే తలవంపులు.)

అయితే ఫోనులో ఆనవాలు ఎలా అడగాలి? “బాగున్నావా?” అంటే “బాగున్నాను” అనే వస్తుంది. మేము వార్డులో రోగిని అలా అడగము. రాత్రి ఎన్నిసార్లు లేచావు, అన్నం ఎంత తిన్నావు, ఎక్కడ నొప్పి, వేలు పెట్టి చూపించు అంటాము. మీరూ అలాగే అడగండి. పాదాలు ఎలా ఉన్నాయి, బూటు ఎక్కడైనా కరుస్తోందా? కాలి ఎముక మీద ఒక చోట వేలితో నొక్కితే అక్కడే నొప్పి పుడుతోందా? పరుగెత్తితే ఎక్కువై, కూర్చుంటే తగ్గుతోందా? అలా ఉంటే అది ఒళ్ళునొప్పులు కాకపోవచ్చు. అలవాటు లేని బరువు, పరుగు ఒక్కసారిగా మీద పడినప్పుడు ఎముకలో సన్నని చీలిక వస్తుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కవాతు చేసే సైనికుల పాదాల వాపును, నొప్పిని 1855లోనే ప్రష్యా సైన్యంలోని ఒక డాక్టరు గుర్తించి రాశారు. ఇది కొత్త జబ్బు కాదు, పిరికివాళ్ళ జబ్బు అంతకంటే కాదు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. కనుక “ఎక్స్‌రే బాగానే ఉంది” అన్నా నొప్పి తగ్గకపోతే మళ్ళీ వెళ్ళి చూపించుకోవాలి. ఆడపిల్లలకు ఈ చీలిక వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. కష్టమైన శిక్షణలో సరిగా తినకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు బలహీనమవుతాయి. అది సిగ్గుపడి దాచే విషయం కాదని అమ్మలే చెప్పాలి. నాన్నలు అడగలేరు.

ఎండ సంగతి కూడా అడగండి. కొత్త చోట వేడిలో కష్టపడడానికి ఒళ్ళు అలవాటు కావాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో జ్వరం గాని, విరేచనాలు గాని ఉండి కూడా చెప్పకుండా పరుగుకు దిగితే వడదెబ్బ ప్రమాదం చాలా పెరుగుతుంది. మూత్రం ఏ రంగులో వస్తోందని అడిగితే పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. ముదురు పసుపు అయితే నీళ్ళు చాలడం లేదు. టీ డికాషన్ రంగులో వస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తోటివాడు ఎండలో తూలుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతుంటే వాణ్ణి కూర్చోబెట్టి ఊరుకోకూడదు. వెంటనే కేకవేసి సహాయం పిలవాలి, ఆలస్యం చేయకుండా నీళ్ళతో ఒళ్ళు చల్లబరచాలి. ఇవి వెళ్ళే ముందే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పవలసిన సంగతులు. మే నెల ఎండల్లో మన ఊళ్ళ గ్రౌండుల్లో సెలక్షన్ కోసం పరుగెత్తే పిల్లలకూ ఇవే వర్తిస్తాయి.

ఇంటి జబ్బు చెప్పే విధానం ఒకటుంది. మేము బంధువులకు చెప్పేటప్పుడు పాటించేదే. ఏమి జరిగింది, ఏమి చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు, నువ్వు ఏమి చేయాలి. “కాలికి పుండు పడి వేలు తీశారు. షుగరు అదుపులోకి వచ్చింది. పిన్ని దగ్గరుంది. నువ్వు రానక్కర లేదు, వచ్చే ఆదివారం మళ్ళీ చెబుతాను.” నాలుగే మాటలు. ఏడుస్తూ చెప్పకండి, ఏడుపు ఆగాక చెప్పండి. ప్రాణం మీదికి వచ్చిన సంగతి అయితే, చేరిన రోజు అకాడమీవాళ్ళు ఇచ్చిన నంబరుకు ముందు చెప్పండి. అక్కడి అధికారి బిడ్డను పక్కన కూర్చోబెట్టి చెబుతారు. ఒంటరిగా బ్యారక్కులో వినడం కంటే అది మేలు.

మేము కూడా ఒక నిర్ణయం తీసుకున్నాము. రోగి వద్దంటే ఆమె జబ్బు వివరాలు బయట చెప్పము. అది రోగి హక్కు, మా ధర్మం. కాని ఇకమీదట మా సిస్టర్లు ఎవరి తరఫునా అబద్ధం చెప్పరు. “అమ్మ నిద్రలో ఉన్నారు, లేచాక మాట్లాడతారు” అంటారు, అంతే. కొందరు తల్లులకు ఇది కష్టంగా ఉంది. ఒకామె మా మీద అలిగి వేరే వార్డుకు మార్చమంది. మార్చాము. ఆ వార్డు సిస్టర్లకూ ఇదే నియమం అని తరువాత తెలిసిందామెకు.

ఆ నవారు మంచం అబ్బాయి జనవరిలో తిరిగి వెళ్ళాడు. ఆదివారం ఫోను రాగానే ఆమె “బాగున్నానయ్యా” అంటే నమ్మడట. ఈ పూట షుగరు ఎంత వచ్చిందో అంకె చెప్పమంటాడు. ఈమె కూడా వాణ్ణి వదలదు. “ఎడమకాలు మంచం మీద పెట్టి ఎముక మీద నొక్కి చూడు, నేను ఫోనులోనే ఉన్నాను” అంటుంది.

ఉత్తరం రాయాలని ఉండీ రాయడం రాని తల్లిదండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు ప్రతి బుధవారం మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు నర్సింగ్ ఆఫీసుకు రావచ్చు. ఇన్‌లాండ్ లెటర్లు మా దగ్గరే ఉంటాయి, మా విద్యార్థినులు మీరు చెప్పినది చెప్పినట్టు రాసిపెడతారు. బిడ్డ చెస్ట్ నంబరు గాని, స్క్వాడ్రన్ పేరు గాని ఉన్న సరైన చిరునామా తెచ్చుకోండి. తినుబండారాల పార్సెలు పంపదలచినవారు అక్కడ అనుమతి ఉందో లేదో ముందు కనుక్కోండి. పోయిన ఏడాది ఒక డబ్బా సున్నుండలు తిరుగు టపాలో వచ్చాయి. అవి తిన్నది మా నైట్ డ్యూటీ సిస్టర్లే.