బాతు వీపు తీస్తే సూపు!

విందుకు కూర్చున్నారనుకోండి. ఎదురుగా మెడ నిక్కించి చూస్తున్న బాతు. వడ్డించేవాడు వచ్చి మెడా వీపూ కలిపి పైకెత్తుతాడు. లోపల పొగలు కక్కే సూపు! పక్కన పంది తల, ఎద్దు తల. అన్నీ పింగాణీవే. 1760, 70ల్లో యూరప్ దొరల ఇళ్లలో ఇదో సరదా.

చేసింది మాత్రం చైనాలోని జింగ్‌డెజెన్ కుమ్మరులు. యూరప్‌లో తయారైన గిన్నెల నమూనాలు చూసి చేశారు. కంచమైతే సరే, బాతును 1300 డిగ్రీల సెగలో కాల్చడం మాటలా? మెడ వాలినా, మూత వంకరపోయినా పనంతా మట్టిపాలే. ఇంతా చేస్తే వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఓడల్లో పింగాణీ అడుగున, టీ పైన. నీళ్లు తగిలినా పింగాణీకి ఏం కాదు, పైగా ఓడకు బరువు కావాలి కదా. 1752లో మునిగిన గెల్డర్‌మాల్సన్ అనే డచ్చి ఓడలోంచి 1985లో లక్షన్నరకు పైగా పింగాణీ సామాన్లు బయటికి తీశారు.

మనకూ చైనా పింగాణీ కొత్తేం కాదు. గణపతిదేవుడు సముద్ర వ్యాపారులకు అభయ శాసనం వేయించిన మోటుపల్లిలో చైనా పెంకులు దొరికాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ బోలెడుంది. మనమేమో గడియారం గంట కొట్టే టైముకు పరుగెత్తి, ఆ గదులు దాటేసి వస్తాం!

‘పులిమందల’ నుంచి పేరొచ్చిందంటారు కదా, పులి గిన్నె ఉందా అని పులివెందులలో అడక్కండి. ఇక్కడి వంటింట్లో పింగాణీ అంటే ఊరగాయ జాడీయే.

ఆ జాడీ సంగతికే వస్తున్నా. ఆ పాత చైనా సామాన్ల మీద గులాబీ రంగు బంగారం నలకల వల్ల వస్తుంది. చిక్కటి తెలుపులో మాత్రం సీసం, పాషాణం రెండూ ఉంటాయి. పులుపు తగిలితే రంగుల్లోని సీసం కొంచెం కొంచెంగా తిండిలోకి దిగుతుంది. మన ఊరగాయలో చింతపండు, నిమ్మరసం, ఉప్పు... అదీ నెలల తరబడి ఊరాలి. కాబట్టి సంతలో ముచ్చటపడి కొన్న పాత రంగుల గిన్నె ఏదైనా ఉంటే అద్దాల బీరువాలో పెట్టుకోండి. లోపలి వైపు రంగు పూతలుంటే ఊరగాయ, పులుసు, పెరుగు అసలొద్దు. పిల్లలకు అందులో అన్నం కలిపి పెట్టడమూ వద్దు. ఊరగాయకు పూలూ పిట్టలూ లేని మామూలు జాడీ చాలు.